కుప్ప

పెంచలమ్మ చెయ్యి చాపింది.
మోచేతి మడతలో నరం దొరక్క రెండుసార్లు గుచ్చాను.
"నిదానంగా కానీ అబ్బయ్యా, బండి వచ్చేది ఆరున్నరకే."
పులియంతోపు వీధుల్లో ఇరవై రెండేళ్లుగా చీపురు పట్టిన చెయ్యి.
నెల్లూరు నుంచి తాత మోసుకొచ్చిన తెలుగు,
అందులో అరవం ఎక్కడ మొదలవుతుందో తనకే తెలీదు.

మూడేళ్ల కిందట ఆ జబ్బు వచ్చి పోయింది.
మొన్నటి రిపోర్టులో యాంటీబాడీలు లేవు.
సున్నా పాయింటు సున్నా ఏదో.
"అంటే నా ఒంట్లో ఏమీ మిగల్లేదా?"
అడిగి, జవాబు కోసం ఆగకుండా
దూది అదుముకుంటూ మెట్లు దిగింది.

గిండీలో రాత్రి పని నాది.
రక్తాన్ని గిరగిరా తిప్పితే ఎరుపు అడుక్కి, పసుపు పైకి,
నడుమ పాలమీగడంత పల్చటి పొర.
టీ కణాలు ఉండేది అందులోనే.
తొంభై ఆరు గుంటల ప్లేటులో పోసి
గుంట గుంటకీ వైరస్ ముక్కలు కలుపుతాను.
ముక్కలు చాలు. చెత్త చాలు.

ఎందుకంటే టీ కణానికి
వీధిలో తిరిగే దొంగ కనపడడు.
వాణ్ని ఒడిసిపట్టే పని యాంటీబాడీలది.
ఇది గడపగడపకీ పోయి
ఇంటివాళ్లు బయటపెట్టిన తుక్కు చూస్తుంది.
ప్రతి కణమూ లోపల వండినదాంట్లోంచి
ఒక తునక తెచ్చి గుమ్మంలో ఉంచుతుంది.
రోజూ చూసే తునకైతే ముందుకు సాగుతుంది.
ఎరగని తునకైతే
ఆగుతుంది.

పెంచలమ్మ చెప్పేది:
"నాలుగో నంబరింటి బుట్టలో పిండిన నిమ్మతొక్కలు,
మాత్రల రేకులు, నీలగిరి తైలం సీసా.
ఆఫీసరమ్మ స్టిక్కరు అంటించే రెండ్రోజుల ముందే
నాకు తెలిసిపోయిండ్లా!"

తలుపులకు తగరం రేకులు కొట్టిన వేసవి అది.
టీ కణం అంతకన్నా కఠినం,
ఇంటినే కూలుస్తుంది.
మన ఇల్లే, మన ఊపిరితిత్తిలోని కణమే,
లోపల అచ్చవుతున్న వేల వైరస్‌లతో సహా.
చేతులెక్కువైతే వీధి వీధే కూలుతుంది.
పక్క లైను గురవయ్య అలాగే పోయాడు.
పురుగు చచ్చినా పోరు ఆగలేదని
డాక్టరు వరండాలో అన్నాడట.
"ఆగమని దానికి ఎవురూ చెప్పలేదా?" అంది పెంచలమ్మ.
చెప్పే కణాలూ ఉంటాయి.
ఆ రాత్రి అవెక్కడున్నాయో నాకూ తెలీదు.

ఎదురొమ్ము ఎముక వెనక ఒక బడి ఉంది.
పిల్ల కణాలకు అక్కడే పరీక్ష.
సొంత తునకను చూసి మీదపడినవాడు ఫెయిలు,
ఏదీ చదవలేనివాడూ ఫెయిలు.
నూటికి తొంభై పైగా ఆ గేటు దాటవు.
నడివయసుకల్లా బడి కొవ్వు పట్టి మూతపడుతుంది.
పెంచలమ్మకు యాభై మూడు.
ఉన్న పాతవాళ్లతోనే నెట్టుకురావాలి,
కార్పొరేషన్లో లాగే.

తెల్లారి ప్లేటు కడిగి, రంగు పోసి, ఆరబెట్టి
లెన్సు కింద పెట్టాను.
బయట తాంబరం రైలు కూత.
గుంటల అడుగున
నేరేడుపళ్లు తిన్న నాలుక మీది మరకల్లా చుక్కలు,
ఒక్కోటీ ఒక కణం ఆగిన చోటు.
నూట పద్నాలుగు.
పక్క గుంటలో వేసిన మామూలు జలుబు వైరస్ ముక్కలకూ
ముప్పై ఒకటి.
ఏ చిన్నప్పటి ముక్కుచీమిడో, ఏ వానలో తడిసిందో.
ఊపిరితిత్తిలోనే కాపురం పెట్టినవి సూదికి అందవు,
కొన్నాళ్లకు అవీ పలచబడతాయంటారు.

ఫలితాలు బయట చెప్పకూడదు, ఫారం ఆరో పేజీ.
టీకొట్టు దగ్గర చెప్పేశాను.
"టీ కణాలా?" గ్లాసు ఎత్తి చూపి నవ్వింది.

అరవంలో కుప్ప అంటే చెత్త.
తాత భాషలో, కళ్లంలో పోసిన వడ్లు.
"అయితే లోపల కుప్ప ఉందన్న మాట" అంది,
ఏ భాషలో అందో నేనడగలేదు.
అడుగు టీ రోడ్డు మీద పారబోసి
బస్సు ఛార్జీల రెండొందలు ఎప్పుడిస్తారంది.